ఉమ్మడి ఫైలు

మా అత్తవారింట్లో ‘వేరు’ అన్న మాట బూతు కింద లెక్క. వేరు గది, వేరు బీరువా, వేరు టీవీ, ఏది అడిగినా అత్తయ్య మొహం మాడిపోతుంది, బావగారు గొంతు సవరించుకుంటారు. అందుకే ఆ సోమవారం నాకొచ్చిన కోపం ఒక్క మనిషి మీద ఆగలేదు, ఇంటిల్లిపాది మీదికీ పాకింది. ఇప్పటికీ తగ్గలేదు. తగ్గిందని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు.

పైన ఇల్లు, కింద కొట్టు. కిందున్న ఫర్నిచర్ షోరూం బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. వీధి చివర రంగుల కొట్టు మా ఆయనది. షోరూం పక్కన, వీధి వైపు కిటికీ ఉన్న పొడుగాటి గది వదినది. ఈ అన్నదమ్ములిద్దరి మధ్య పుట్టిన ఆడపడుచు ఆమె. చిన్నప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయాయి. పెదాలు చూసి మాట పట్టుకుంటుంది, గట్టిగా మాట్లాడుతుంది, ఇంకా గట్టిగా తిడుతుంది. గుడ్డ మీద సుద్దతో ఒకసారి గీత గీసిందంటే మళ్ళీ కొలవనక్కర్లేదు. తనలాగే వినపడని ఆడపిల్లలకి ఆ గదిలో కటింగు, కుట్టు నేర్పుతుంది. షోరూంలో అందరూ ఆమెని టీచరమ్మ అంటారు.

బావగారి కన్ను ఆ గది మీద ఎప్పటినుంచో ఉంది. పరుపులు పెట్టుకోవడానికి గోడౌను కావాలి. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. కొత్త బ్యాచికి పిల్లలు చేరితే గది వదినది, ఎవరూ చేరకపోతే షోరూంది, మర్నాడే పరుపుల లారీ దిగుతుంది. వదిన సరేనంది. ఆమె ధీమా ఆమెది. బధిరుల పాఠశాలలన్నీ స్వయంగా తిరిగి, నోటీసు బోర్డుల మీద తన వెబ్‌సైటు అడ్రసు అతికించి వచ్చింది. సోమవారం ఒక్కరోజే, పొద్దున్నుంచి సాయంత్రం లోపల సైటులో ఫారం నింపినవాళ్ళకి సీటు. ఫోన్ నంబరు మాత్రం ఇవ్వలేదు. ఎలా ఇస్తుంది, అటు వాళ్ళకీ వినపడదు, ఇటు ఈవిడకీ వినపడదు.

షోరూంకీ రంగుల కొట్టుకీ వదిన క్లాసుకీ తలా ఒక సైటు, మూడింటినీ చూసేది నేను. సైటు ఎలా కనబడాలో చెప్పే ఫైలుని స్టైల్‌షీట్ అంటారు. ఏ అక్షరం ఎంత లావుండాలి, ఏ బటను ఏ రంగు, ఏది కనబడాలి, ఏది దాక్కోవాలి, అంతా అందులోనే రాసి ఉంటుంది. మూడు సైట్లకీ కలిపి ఒక ఉమ్మడి ఫైలు పెట్టాను, దాని తర్వాత ఏ సైటుకి ఆ సైటుకి సొంత ఫైలు. అందరికీ పనికొచ్చేది ఉమ్మడిలో రాయాలి, ఒకరికే కావలసింది సొంత దాంట్లో రాసుకోవాలి. రెండింటికీ తగువొస్తే మామూలుగా సొంతదానిదే పైచేయి. కానీ ఉమ్మడి ఫైల్లో ఒక ఆజ్ఞ చివర ‘ఇదే ముఖ్యం’ అన్న ముద్ర కొట్టామంటే, సొంత ఫైలు నోరు మూసుకోవాల్సిందే. ఆ ముద్ర ఎవరూ వాడొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను.

చెబితే వినే కొంపైతే కదా.

“సొంత ఫైళ్ళెందుకమ్మా, మనమేమన్నా పంపకాలు చేసుకుంటున్నామా? అంతా ఒకదాంట్లోనే పెట్టు,” అన్నారు బావగారు, మొదట్లోనే. పాస్‌వర్డు సంగతీ అంతే. “మనింట్లో మనకి తాళాలేంటి,” అని షోరూం మేనేజరు దాకా ఇప్పించారు. నేను వాదించాను. నువ్వు ఊరుకో అన్నట్టు మా ఆయన కాలు తొక్కాడు. ఆ ఇంట్లో నా కాలు తొక్కినంతగా ఇంకెవరి కాలూ ఎవరూ తొక్కి ఉండరు.

ఆదివారం వదిన ఫారం నేనే ఒకసారి నింపి చూసి చెరిపేశాను, చక్కగా పనిచేసింది. సోమవారం పొద్దున్నే బావగారు నన్ను సోఫాల ఫోటోలు తీయమని రెండో షోరూంకి పంపారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి వదిన గదిలో దీపం వెలుగుతోంది. ఆమె కంప్యూటరు ముందు లేదు, కటింగు బల్ల దగ్గర నిలబడి ఉంది. కాగితం ప్యాటర్నులు ఒక్కొక్కటే చుట్టి, దారంతో కట్టి, అట్టపెట్టెలో పెడుతోంది. కంప్యూటరు తెర మీద దరఖాస్తుల పేజీ తెరిచే ఉంది, ఖాళీగా.

“ఎవరూ రాలేదు,” అంది. వదిన గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. “పొద్దున్నుంచీ దీని మొహమే చూస్తూ కూర్చున్నా. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు రాలేదు. పోనీలే, కుట్టు ఇప్పుడెవరికి కావాలి. సెల్‌ఫోన్ల రిపేరు నేర్పుతానన్నా వచ్చేవాళ్ళేమో.”

తనే నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను మెట్ల మీదికొచ్చేశాను. అక్కడ నిలబడి నా ఫోన్‌లో వదిన సైటు తెరిచాను. పొద్దున్నుంచీ ఆమె చూస్తున్నది లోపలి పేజీ, దరఖాస్తులు వచ్చి పడే చోటు. బయటివాళ్ళకి కనబడే పేజీ వేరు. ఆ పేజీలో ఫారం లేదు. ఫారం ఉండాల్సిన చోట షోరూం ఫోన్ నంబరు, ఎర్రగా, పిడికిలంత అక్షరాలతో. దాని పైన ‘ఇప్పుడే ఫోన్ చేయండి’.

అరికాలి మంట నెత్తికెక్కింది. మెట్ల మీదే కూలబడి ఉమ్మడి ఫైలు తెరిచాను. మొట్టమొదటే ఉంది. ఫారాలన్నీ దాచెయ్, నంబరు పెద్దగా చూపించు, రెండింటికీ చివర ‘ఇదే ముఖ్యం’. పైగా ఆ లైన్ల మీద తెలుగులో ఒక గమనిక: ‘సార్ చెప్పారు’. అక్కడికి సార్ చెబితే కంప్యూటరు కూడా లేచి నిలబడుతుందన్నట్టు.

ఆ లైన్లు చెరిపేసి కిందికి దిగాను. మేనేజరు షట్టరు దించడానికి సిద్ధంగా ఉన్నాడు.

“ఉమ్మడి ఫైల్లో చెయ్యి పెట్టింది మీరేనా?”

“నేనేనమ్మా,” అన్నాడు. మొహం వెలిగిపోయింది. “ఫారాలు నింపినవాళ్ళు ఒక్కరూ కొనడం లేదు, అవి పీకేసి నంబరు పెద్దగా పెట్టమన్నారు సార్. ఇంటర్నెట్లో చూసి నేనే పెట్టాను. మొదట టీచరమ్మ సైటులో నంబరు రాలేదు. అన్నీ ఒకేలా ఉండాలి కదా, ఆ ముద్ర కొట్టాను. దెబ్బకి వచ్చేసింది.”

“అది షోరూం గొడవ కదా. షోరూం ఫైల్లో రాయొచ్చుగా?”

“సొంత ఫైళ్ళంటే సార్‌కి పడదు కదమ్మా. ఉమ్మడిలో పెడితే అందరికీ సరిపోతుందని.”

“ఫోన్లు వచ్చాయా?”

“ఎందుకు రాలేదూ, పొద్దున్నుంచీ ఒకటే గోల. ఎత్తితే అవతల మాటే ఉండదు. కొందరైతే వీడియో కాల్ చేశారు. చూస్తే ఆడపిల్లలు, మొహం ముందు చేతులు తిప్పుతున్నారు. షోరూం నిండా జనం, ఏం బాగుంటుంది చెప్పండి. కట్ చేసినా మళ్ళీ మళ్ళీ చేస్తుంటే, ఆకతాయిలనుకుని అందరినీ బ్లాక్ చేసేశా.”

ఆయన్ని కొట్టాలనిపించింది. మాటవరసకి అనడం లేదు, చెయ్యి లేచింది కూడా. ఏళ్ళ తరబడి గోడకి ఇవతల కూర్చుని, వస్తూ పోతూ ఆ కిటికీలోంచి పిల్లల చేతులు చూసిన మనిషి. రోజూ చూసింది ఫోన్‌లో కనబడితే పోల్చుకోలేకపోయాడు. లేచిన చేత్తోనే చొక్కా పట్టుకుని, “పైకి రండి,” అన్నాను.

పైన భోజనాల బల్ల దగ్గర బావగారు, అత్తయ్య, మా ఆయన ఉన్నారు. వదిన కూడా అప్పుడే వచ్చి బల్లకి ఆ చివర కూర్చుంది. నేను బావగారి వైపు తిరిగి కోపంలో గబగబా జరిగింది చెప్పాను, వదినకి నా వీపే కనబడి ఉంటుంది. బావగారు అంతా విన్నారు. మంచినీళ్ళు తాగారు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, “అయ్యో, పొరపాటు జరిగిపోయిందన్నమాట,” అన్నారు.

“గడువు పొడిగిద్దాం బావగారూ. పరుపుల లారీ ఆపించండి.”

“లారీకి లోడెత్తేశారమ్మా. పొద్దున్నే వచ్చేస్తుంది. వచ్చే బ్యాచికి చూద్దాంలే.” అని మీసం తుడుచుకుంటున్నట్టు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. మొహం గోడ వైపు తిప్పుకున్నారు. “దానికి మాత్రం చెప్పకు. ఎవరూ రాలేదనే అనుకోనీ. మనవల్ల పోయిందని తెలిస్తే తట్టుకోలేదు.”

“అవునే, ఇప్పటికే సగమైపోయింది పిల్ల,” అంది అత్తయ్య, తలొంచుకుని.

“వదిలెయ్ రాదూ,” అన్నాడు మా ఆయన. కాలు తొక్కబోయాడు కానీ నేను ముందే వెనక్కి లాక్కున్నాను.

ముగ్గురూ ముగ్గురే. మొహాలు తిప్పుకుంటే చాలు, ఆ మనిషి బల్ల దగ్గర లేనట్టే. లోకంలో ఎవరికీ నేను అక్కర్లేదు అనుకుంటూ ఆమె బతకాలట, అది తట్టుకోగలదట. అన్నయ్య తప్పు చేశాడంటే మాత్రం తట్టుకోలేదట. ఎవరు తట్టుకోలేరో నాకు తెలియదా?

“ఏంటి, ఏమంటున్నారు?” అంది వదిన.

ఏం లేదన్నట్టు అత్తయ్య చెయ్యి ఊపింది. నేను కుర్చీ లాక్కుని వదిన ఎదురుగా, మొహం మీద దీపం పడేలా కూర్చున్నాను. ఒక్కొక్క మాటా విడదీసి, చేతులతో కూడా చెప్పాను. ఫారం సంగతి, నంబరు సంగతి, ఫోన్ల సంగతి, ఇప్పుడే గోడ వైపు తిరిగి అన్న మాట సంగతి. ఆమె ఒక్కటే మళ్ళీ అడిగింది.

“చేతులు తిప్పారా?”

“తిప్పారు వదినా. పొద్దున్నుంచీ.”

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మేనేజరు వైపు చెయ్యి చాపి, “ఫోన్,” అంది.

బ్లాక్ చేసిన నంబర్లన్నీ ఆయన చేతే తీయించి, వదిన వరసగా వీడియో కాల్ చేయడం మొదలుపెట్టింది. ఫోన్‌ని మంచినీళ్ళ చెంబుకి ఆనించి నిలబెట్టింది. మొదటిసారే ఒక కళ్ళజోడు అమ్మాయి ఎత్తింది. ఇద్దరి చేతులూ కదులుతున్నాయి. అందరూ చూస్తూ కూర్చున్నారు. ఆ సైగల భాష ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళలో వదినకి తప్ప ఇంకెవరికీ రాదు. పెళ్ళై వచ్చిన నాకొక్కదానికే వచ్చు. అందుకని నేను పైకి చదివి వినిపించాను, ఒక్క ముక్క కూడా మెత్తబరచకుండా.

“నన్నెందుకు కట్ చేశారని అడుగుతోంది. చేతులు సరిగ్గా కనబడలేదేమో, వెలుతురు చాల్లేదేమో అనుకుందట. మేడెక్కి ఎండలో నిలబడి మళ్ళీ చేసిందట. అయినా కట్ చేశారట.”

మేనేజరు గోడకి అతుక్కుపోయాడు.

“అది మా అన్నయ్య కొట్టు నంబరని చెప్పింది వదిన. మీ అన్నయ్యకి కూడా వినపడదా అంటోంది.”

వదిన చేతులు ఒకసారి ఆగాయి. తర్వాత కదిలాయి.

“బాగా వినపడుతుందని చెప్పింది,” అన్నాను.

వదిన రెండో నంబరు చేసింది, మూడోది చేసింది. ఒకమ్మాయి బస్సులోంచి మాట్లాడింది, ఇంకొకామె చంకలో పసిపిల్లతో, ఒంటిచేత్తో మాట్లాడింది. అందరూ చేరతామన్నారు. మధ్యలో ఒకసారి వదిన ఫోన్ మీంచి కళ్ళు తీయకుండానే పెద్దగా అంది, కింద వీధిలోకి కూడా వినబడి ఉంటుంది.

“లారీవాడికి ఫోన్ చెయ్ అన్నయ్యా. రేపు నా గది గుమ్మంలో నేనే కూర్చుంటా, పరుపులు నీ పడగ్గదిలో వేయించుకుంటావో మెట్ల మీద వేయించుకుంటావో నీ ఇష్టం.”

బావగారు అత్తయ్య వైపు చూశారు, మా ఆయన వైపు చూశారు. ఎవరూ సాయం రాలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి ఫోన్ చేశారు. లోడు వెనక్కి తీసుకెళ్ళమని ఆయన చెబుతుంటే నాకు సంతోషమేమీ కలగలేదు. తప్పిపోయినదాన్ని దాని చోటున పెట్టినంత మాత్రాన సంతోషించాలా ఏమిటి?

ఆఖరి నంబరు ఎంతకీ కలవలేదు. వదిన మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది. మేనేజరు వంగి చూశాడు. ఆ విద్యలో ఆరితేరినవాడు కదా, చూడగానే తెలిసింది. “రింగు పోదమ్మా. ఫోటో కూడా పోయింది చూడండి. ఆ పిల్ల ఈ నంబర్ని బ్లాక్ చేసేసింది,” అన్నాడు గొణుగుతున్నట్టు. పొద్దున్నుంచీ అందరికంటే ఎక్కువసార్లు చేసింది ఆ అమ్మాయేనట.

వదిన తలెత్తింది. “ఏమన్నాడు?”

చెప్పడానికి నోరు తెరిచి, ఆగాను. “మీరు చెప్పండి బావగారూ,” అన్నాను.

“నువ్వే చెప్పమ్మా. నీకైతే అలవాటు.”

“మీరే చెప్పాలి. ఇటు తిరిగి, చెయ్యి అడ్డం తీసేసి.”

బావగారు వచ్చి చెల్లెలి ఎదురుగా కూర్చున్నారు. ఆమె కళ్ళు ఆయన పెదాల మీద ఉన్నాయి. ఆయన కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చివరికి ఆమె మొహం మీదే పెట్టుకున్నారు.

“ఆ అమ్మాయి మనల్ని బ్లాక్ చేసింది.”

“మనల్ని కాదు,” అంది వదిన. “నన్ను. ఫోన్ కట్ చేసింది నేననుకుంది.”