ఫోటోలో లేని పిల్ల

కూతురు దీప ఫోటోల క్లబ్బులో చేరినప్పటి నుంచి నిర్మలకు ఆదివారమంటేనే గుండెదడ. కాలేజీకి లేపితే లేవని పిల్ల, ఆ ఒక్కరోజు కోడి కూయకముందే లేచి, మేనమామ ఇచ్చిన పాత కెమెరా మెడలో వేసుకుని ఆటో ఎక్కుతుంది. ఒకవారం భద్రకాళి చెరువు, ఒకవారం వేయిస్తంభాల గుడి. ఎండెక్కినాక బట్టలనిండా మట్టితో ఇల్లు చేరుతుంది. కొంగలనూ రాళ్లనూ ఫోటో తీసేందుకు ఇంత తాపత్రయం ఎవరికైనా ఉంటుందా? ఇంకేదో ఉందని నిర్మల అనుమానం.

వెళ్లిన ప్రతిచోటా క్లబ్బువాళ్లు అందరూ కలిసి ఒక ఫోటో దిగి వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటారు. దీప స్నానానికి పోయినప్పుడు నిర్మల పిల్ల ఫోన్ తీసి వాటన్నిటినీ చూసింది. బట్టతల సారు ఉన్నాడు. గడ్డం పిలగాడు ఉన్నాడు. కళ్లద్దాల పిల్ల ఉంది. దీప మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు.

క్లబ్బు పేరు చెప్పి పిల్ల ఎక్కడికి పోతున్నట్టు? ఎవరితో? పైగా ఈ ఆదివారం కోట, పై ఆదివారం దూరాన ఉన్న లక్నవరం చెరువు అంటోంది. లక్నవరం పోతే రాత్రికి గానీ రారట, ఒప్పుకోమని ఒకటే నస. మగనికి చెప్పుకుంటే, కొత్తవాడలో జంపఖానాల దుకాణం నడిపే సదానందం, నీకు తాడు కనబడ్డా పామే అని కొట్టిపారేశాడు.

ఆదివారం పిల్ల వెనకాలే ఇంకో ఆటోలో తనూ కోటకు బయలుదేరింది. ఎందుకొచ్చావంటే చెప్పడానికి ఉప్మా డబ్బా ఒకటి పట్టుకుంది. రాతి తోరణం ముందు క్లబ్బువాళ్లంతా వరుసగా నిలబడి ఉన్నారు. ఒక్కో మొహమే చూసుకుంటూ పోయింది. దీప లేదు. అనుకున్నంతా అయింది. సిగ్గు విడిచి వాళ్ల ముందుకే వెళ్లి నిలబడింది.

"సారూ, మా దీప ఏది? మీతోనే ఉంటనని జెప్పింది. నా బిడ్డ ఏడ వోయింది?"

క్లబ్బు నడిపే రాజేశ్వర్ రావు, ఆ బట్టతల సారే, ఆమె వెనక్కి వేలు చూపించాడు.

"అమ్మా, జర పక్కకు జరుగు. ఫోటో నిండ నువ్వే పడ్డవ్."

దీప మట్టిలో బోర్లా పడుకుని కెమెరా కంటికి ఆనించుకుని ఉంది. అందరూ పగలబడి నవ్వారు. గ్రూపు ఫోటో దీప తీస్తేనే బాగా వస్తుందని, ఎప్పుడూ ఆమెతోనే తీయిస్తామని సారు చెప్పాడు. నిర్మల తలవంచుకుని అందరికీ ఉప్మా పెట్టింది. పెడుతూనే గడ్డం పిలగాణ్ని ఊరేదని, ఎవరి కొడుకువని అడిగింది. పేరు రాకేష్, ఊరు కాజీపేట.

తిరుగు ఆటోలో లక్నవరం మాట ఎత్తడానికి దీప భయపడింది. నిర్మలే ఎత్తింది.

"పో. గని ఆడ నువ్వున్న ఫోటో నాకు పంపాలె. నువ్వు లేని ఫోటోలు జూసి నా పానం సగమైంది."

పై ఆదివారం ఫోటో వచ్చింది. వేలాడే వంతెన మీద దీప ఒక్కతే, చున్నీ గాలికి ఎగురుతుంటే నవ్వుతోంది. పిల్ల క్షేమంగా ఉంది. చెప్పిన చోటే ఉంది. నిర్మల కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ ఒకసారి చూసింది. పిల్ల ఇంట్లో ఏనాడూ అట్లా నవ్వలేదు. కెమెరా పట్టుకున్న మనిషిని చూసి నవ్విన నవ్వు అది.

వెంటనే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మెసేజీ పంపింది.

"ఫోటో మంచిగున్నది బిడ్డా. మరి గిది ఎవలు దీసిండ్రు?"

విన్నట్టు గుర్తు నీలంగా మారింది. జవాబు మాత్రం రాలేదు.