రెండు చదువులూ ఒకేచోట

"అంత దూరంలో చలికి నీ వేళ్లు కొంకర్లు పోతే ఎవరున్నారే నీకు?" అంది డార్లా, చర్చి కింది వంటింట్లో పళ్లేలు తోముతూ.

పక్కన తుడుస్తున్న కూతురు బ్రిటా నవ్వింది. "మనం ఉండేది మిన్నసోటాలోనమ్మా. ఇంతకంటే చలి ఇంకెక్కడుంటుంది?"

ఒహాయోలో బ్రిటాకి సీటొచ్చిన కాలేజీలో చెల్లో వాయిద్యం, కెమిస్ట్రీ రెండూ చదవొచ్చు. ఐదేళ్లకి రెండు డిగ్రీలు. ఇంటి దగ్గరి కాలేజీలో కెమిస్ట్రీ ఒక్కటే. ఏదన్నదీ రేపటిలోగా చెప్పెయ్యాలి. డార్లాకి కళ్లు మూస్తే చాలు, కారు బోల్తా పడుతుంది, హాస్టలు తగలబడుతుంది, రెండు చదువుల బరువుకి పిల్ల మంచం పడుతుంది.

ఆమె భర్త వేన్ ఖాళీ కప్పుతో గుమ్మంలోకొచ్చాడు. "కాఫీ అయిపోయింది, డార్లా." ఆమె తడిచేతులతోనే పోసింది. "ఏమే బ్రిటా, వాయించుకోడానికి అంత దూరమెందుకు? మీ అమ్మ ఏ కాలేజీకెళ్లిందని? ఊళ్లో ఒక్క శవమైనా ఈవిడ చర్చిలో ఆర్గన్ వాయించకుండా మట్టిలోకెళ్లిందా? నువ్వూ ఆదివారాలు ఇక్కడే వాయించుకో."

ఇందాక పైన ఆర్గన్ వాయించి ముసలి హాల్వర్ గారిని సాగనంపింది డార్లాయే. చివరి స్వరం గాల్లో ఉండగానే ఆర్గన్ పెడళ్లు తొక్కే చెప్పులు విప్పి, మామూలువి తొడుక్కుని, కిందికి పరిగెత్తి అంత్యక్రియల భోజనానికి బంగాళదుంపలు దింపిందీ ఆమే. దుంపలు బాగున్నాయన్నారందరూ. వాయించినదాని ఊసు ఎవరూ ఎత్తలేదు. అది ఎప్పుడూ ఉండేదే కదా, గోడలాగా. చిన్నప్పుడు ఆర్గన్ నేర్పిన మాస్టారు "ఈ పిల్లని సంగీతం కాలేజీకి పంపండి" అంటే, డార్లా వాళ్లమ్మ "అక్కడేమైనా అయితే?" అంది. అంతే, ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు అదే మాట తన నోట్లోంచి వస్తోంది, అదే గొంతుతో.

"నువ్వు చెప్పమ్మా," అంది బ్రిటా. "నీలాగా ఉంటే నాకు సరిపోతుందా?"

వేన్ నవ్వబోయి, భార్య మొహం చూసి ఆగిపోయాడు. కుళాయి పారుతూనే ఉంది. పళ్లెం మీది నురగంతా కారిపోయినా డార్లా దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత కుళాయి కట్టేసింది.

"రెండూ చదివేచోటికే వెళ్లు. నీకక్కడ ఏమవుతుందోనని ఇప్పటికీ ఒళ్లు వణుకుతోంది. నేను ఇక్కడే ఉండిపోయాను కదా, నాకేమీ కాలేదు బ్రిటా. మంచైనా, చెడైనా, ఒక్కటంటే ఒక్కటీ కాలేదు."