గేటు దగ్గర ఒడిబియ్యం

పెనుకొండ రామాంజినమ్మకు అన్నీ తెలుసుకోవాలి. ధర్మవరంలో రైలు మారేటప్పుడే పక్కనున్న వాళ్లనందరినీ అడిగేసింది: ఫ్రెంచి వాళ్ల సీమలో మట్టి ఏ రంగు? అక్కడి మేకలు మన మేకల్లాగే అరుస్తాయా? చంటిబిడ్డను ఎత్తుకున్న కూతురు బుజ్జమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

అది యాభై మూడో సంవత్సరం. పుదుచ్చేరి ఇంకా ఫ్రెంచి వాళ్లదే. బుజ్జమ్మ మొగుడు నరసప్ప అక్కడి నూలుమిల్లులో పనిచేసేవాడు. పుట్టింటికి వచ్చిన పిల్ల తిరిగి అత్తగారింటికి చేరాలంటే సుంకం గేటు దాటాలి.

దాటడానికి బుజ్జమ్మ దగ్గర పర్మిట్ ఉంది, ధైర్యమే లేదు. రెండేళ్ల కిందట, మూడో నెలలో ఉన్నప్పుడు, తల్లి ఒడిలో పోసి పంపిన బియ్యాన్ని ఆ గేటు దగ్గరే కింద పోయించారు. బియ్యం అవతలికి పోకూడదట. ఖాళీ ఒడితో అత్తింటి గడప తొక్కింది, నెల తిరక్కుండా కడుపు పోయింది. ఎందుకు ఖాళీగా వచ్చిందో అత్త హనుమమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు బిడ్డ ఉంది, ఒడిలో తల్లి మళ్లీ పోసిన బియ్యం, బెల్లం ఉన్నాయి. ఈసారీ ఖాళీ ఒడితో పోతే ఈ బిడ్డకేమవుతుందోనని బుజ్జమ్మ దారి పొడుగునా భయపడుతూనే వచ్చింది.

గేటు కాపలాదారు గంగాధరప్ప మదనపల్లె వైపు మనిషి. పర్మిట్ తిప్పి చూసి, ఒడి వైపు చూశాడు.

"మొదటిసారి వచ్చినోళ్లకైతే చెప్పి పంపుతాము. మళ్లీ వచ్చినోళ్లు తెలీదంటే ఒప్పుకోము. బియ్యంతో దాటితే పర్మిట్ పెరుక్కుంటారమ్మా. ఈడనే పోసేసి పో."

బుజ్జమ్మ ఒడిని గట్టిగా పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. గేటుకు అవతల నరసప్ప ఏం చేయాలో తోచక నిలబడి ఉన్నాడు.

రామాంజినమ్మ మాత్రం గంగాధరప్ప పక్కనే చతికిలబడింది.

"ఏమప్పా, అటుకులైతే పోనిస్తారా?"

"అటుకులూ బియ్యమే గదమ్మా."

"బొరుగులైతేనో?"

"అవీ కుదరవు."

"మరి వండిన కూడు?"

గంగాధరప్ప తల గోక్కున్నాడు. ఈ ప్రశ్న ఇంతవరకూ అతన్ని ఎవరూ అడగలేదు. "అన్నానికి రూలేమీ లేదమ్మా," అన్నాడు చివరికి.

"అయితే ఈడనే వండుతాం."

"అత్తింటి పొయ్యి మీద వండాల్సిన బియ్యమమ్మా అది!" అంది బుజ్జమ్మ.

"అయితే మీ అత్తనే ఈడికి పిలుద్దాం. నరసప్పా! మీ అమ్మను పిల్చుకోని రా!"

టీకొట్టువాడు గిన్నె ఇచ్చాడు. మూడు రాళ్లు పెట్టి, ఒడిలోని బెల్లం కూడా వేసి పొంగలి ఎక్కించారు. అది ఉడుకుతుండగా హనుమమ్మ జట్కా దిగి, తన పర్మిట్ చూపించి, ముఖం మాడ్చుకుని గేటు దాటి వచ్చింది.

"ఏంది వదినా, రోడ్డు మీద ఈ వంట?"

"బియ్యం దాటనీరంట వదినా. పోయినసారి గూడా ఈడనే కింద పోయించిరి."

హనుమమ్మ కోడలి వైపు తిరిగింది. "పోయినసారి గూడానా?"

బుజ్జమ్మ అవునని తలూపింది.

"మీరే ఖాళీ ఒడితో పంపినారనుకుంటి గద వదినా! రెండేండ్లుగా ఈ పిల్లను సాధిస్తి." హనుమమ్మ గరిటె అందుకుని పొంగలి కలిపింది. మొదటి ముద్ద కోడలి నోట్లో పెట్టింది, రెండోది వియ్యపురాలికి. గంగాధరప్పకు కూడా ఆకులో వడ్డించింది.

మిగిలిన పొంగలిని అరిటాకులో పొట్లం కట్టి, బుజ్జమ్మ కొంగు పరిచి ఒడిలో పెట్టి, తన చేత్తోనే ముడి వేసింది.

"ఇల్లు చేరేదాకా విప్పొద్దు," అంది.

గంగాధరప్ప మూతి తుడుచుకుని గేటు ఎత్తాడు. బుజ్జమ్మ బిడ్డను ఎత్తుకుని నిండు ఒడితో అవతలికి నడిచింది, అత్త చెయ్యి ఆమె భుజం మీదే ఉంది. పర్మిట్ లేని రామాంజినమ్మ ఇవతలే నిలబడి, సంతోషం పట్టలేక వలవలా ఏడ్చింది.