ఒంటిచెయ్యి

“ఏమోయ్, ఇలా వచ్చి కాస్త పట్టుకో!”

పెరట్లోంచి ఆ పిలుపు వచ్చిందంటే ఆమె ఏ పనిలో ఉన్నా ఆపాల్సిందే. పాత ట్రాక్టర్లు బాగుచేస్తానని వాళ్లాయన రేకుల షెడ్డు వేసినప్పటి నుంచీ ఇదే వరస. షెడ్డు కోసం బట్టలారేసే తీగ పీకేశారు. అది పోతేపోయింది గానీ, ఈ ‘కాస్త’ ఉందే, దానికి అంతూ పొంతూ ఉండదు. లైటు పట్టుకోవాలి. అవతలివైపు బోల్టు తిరగకుండా పానా బిగించి పట్టుకోవాలి. విప్పిన సామానంతా డీజిల్లో కడిగి, ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకుని పేర్చాలి. ఈలోగా పొయ్యి మీద కూర మాడితే, “ఇంట్లోనే ఉంటావు, ఆ మాత్రం చూసుకోలేవా?” అని అత్తగారు. అటు తల తిప్పితే, “లైటు కదపకు! ధ్యాసెక్కడ?” అని ఆయన. అడకత్తెరలో పోకచెక్క బతుకు.

అయినా, నిజం చెప్పొద్దూ, ఆమెకు ఆ షెడ్డంటే ఇష్టమే. మొదటి ట్రాక్టరు దగ్గి, పొగ కక్కి, ఎట్టకేలకు స్టార్టయిన రోజున ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. దాని పక్కనే తుప్పు పట్టి నిలబడి ఉంది రెండోది, ఆమె నాన్నది. తమ్ముడు పాత ఇనుముకి అమ్మేయబోతే పోట్లాడి మరీ తెచ్చుకుంది. చిన్నప్పుడు నాన్న ఒళ్లో కూర్చుని దాని స్టీరింగు తిప్పింది. కాస్త ఎదిగాక ఆ నాన్నే, “ఆడపిల్లవి, ఇంక దిగమ్మా,” అన్నాడు. దిగింది. దీన్ని మాత్రం తన చేత్తో విప్పాలని ఆమె కోరిక. ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం ఆయన స్నేహితులు మొదటి ట్రాక్టరు చూడ్డానికి వచ్చారు. చుట్టూ తిరిగి, “అబ్బో, ఎంతమంది పనివాళ్లు?” అని అడిగారు.

“పనివాళ్లా! అంతా ఒంటిచేత్తో చేశానండీ,” అన్నాడాయన.

టీ పళ్లెం పట్టుకుని నిలబడిన ఆమె తన గోళ్లకేసి చూసుకుంది. ఎంత రుద్దినా పోని గ్రీజు. ఒంటిచెయ్యట! మరి ఇవెవరివి? ఒళ్లు మండిపోయింది. ఆయన అబద్ధమాడినా బాగుండేది. నిజమనుకునే అన్నాడు, పాపం.

మర్నాడు మళ్లీ అదే పిలుపు. వెళ్లేసరికి ఆమె నాన్న ట్రాక్టరు ముందు ఆయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. లైటు అందివ్వబోయాడు. ఆమె అది తీసుకోకుండా, ఆయన రెండో చేతిలోని పానా లాక్కుంది.

“అదేంటి? నీకేం తెలుసని?”

“తెలియంది మీరు చెప్పండి. ఇది మా నాన్న బండి, నేను విప్పుతాను. మీరు లైటు పట్టుకోండి.”

“భలేదానివే!” అని నవ్వబోయి, ఆమె మొహం చూసి లైటు పట్టుకున్నాడు.

మొదటి నట్టు మొరాయించింది. ఆమె నూనె పోసింది, ఆగింది, మళ్లీ బలమంతా పెట్టి తిప్పింది. కిర్రుమని కదిలింది. సరిగ్గా అప్పుడే వెలుతురు కిందికి జారిపోయింది.

“లైటు కదపకండి.”

“చెయ్యి లాగేస్తోందే,” అన్నాడాయన నీరసంగా.

“లాగుతుంది,” అందామె, నట్టు మీంచి చూపు తిప్పకుండానే. “ఆ చెయ్యి మార్చుకోండి. మీక్కూడా రెండున్నాయి.”