మీ పక్కన ఎవరున్నారు?

"ఊళ్ళో ఆడవాళ్ళ ఏడుపులన్నీ నీకే కావాలా? ముందా చొక్కా ఇస్త్రీ సంగతి చూడు," అన్నాడు మా ఆయన. చూస్తూనే ఉన్నాను. ఒక చేతిలో ఇస్త్రీపెట్టె, ఇంకో చేతిలో ఫోను. కుట్టు ఫ్యాక్టరీ వాళ్ళకి ఆదివారమే సెలవు. ఆదివారం కూడా కాలేజీకి పోతానంటే ఇంట్లో రభస. అందుకే వాళ్ళతో ఇంట్లోంచే ఫోన్లో మాట్లాడతాను.

నేను లా కాలేజీలో, ఉచితంగా న్యాయసహాయం చేసే క్లినిక్‌లో పాఠం చెప్తాను. "క్లినిక్ అంటావు, ఏనాడైనా ఒక్క జ్వరం మాత్ర తెచ్చావా?" అని మా అత్తగారి ఎకసెక్కం. కడుపుతో ఉందని తెలియగానే పనిలోంచి తోసేసే ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళ మాటలు నేనూ, మా విద్యార్థులూ రాసుకుంటాం. ఐక్యరాజ్యసమితి మహిళా హక్కుల కమిటీకి ప్రభుత్వం పంపే నివేదికలో అంతా బ్రహ్మాండమే. ఆ కమిటీ ముందు అసలు సంగతి పెట్టేది మేం. అక్కడ నిలదీస్తే గానీ ఇక్కడ చీమ కుట్టదు. మా నివేదికలో పేర్లు మార్చే రాస్తాం. అయినా పోయిన నెల మాతో మాట్లాడినావిణ్ణి మర్నాడే పనిలోకి రానివ్వకుండా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆపేశారు. ఎలా పొక్కిందో అంతుపట్టలేదు. అందరం విద్యార్థుల్నే అనుమానించాం.

ఇవాళ ఫోన్లో ఉన్నామెకి ఐదో నెల. "పేరు చెప్తాను గానీ మేడమ్, మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

అది మేం వాళ్ళని అడగాల్సిన ప్రశ్న. మొట్టమొదట అదే అడగమని క్లాసులో నూరిపోసేది నేనే. నన్ను మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "లేరమ్మా" అనబోయి తలెత్తాను. హాల్లో టీవీలో ఆట నడుస్తోంది, శబ్దం లేదు. నేను ఫోనెత్తితే చాలు, ఈయన టీవీ గొంతు నొక్కేస్తాడు. నా పనికి అడ్డం రాకూడదనేమో అని ఇన్నాళ్ళూ మురిసిపోయాను, ఛీ! ఆ ఫ్యాక్టరీ మేనేజరు ఈయనకి ప్రాణస్నేహితుడు. పోయిన నెల ఆవిడ పేరు ఈ గదిలోనే పైకి పలుకుతూ రాసుకున్నాను.

"ఉన్నారు," అన్నాను. "పేరు చెప్పకమ్మా. నాక్కూడా చెప్పకు. పెట్టెయ్యి."

ఆయన గుమ్మంలోకి వచ్చాడు. "ఎవరే అది?"

"పోయిన నెల ఆవిడ పేరు చెప్పింది నువ్వేనా?"

"వాడు నా ఫ్రెండు. ఒక్క మాట చెవిన వేశాను, అంతే. ఇంత రాద్ధాంతం దేనికి? ఇది నలుగురికీ తెలిస్తే ముందు ఊడేది నీ ఉద్యోగమే."

నిజమే, ఊడుతుంది. ఇస్త్రీపెట్టె ఆపేసి, ఆయన చూస్తుండగానే మా క్లినిక్ డైరెక్టరుకి ఫోన్ చేశాను.

"మేడమ్, పిల్లల్ని ఏమీ అనకండి. ఆ పేరు పొక్కింది మా ఇంట్లోంచి."