నంబరు లేని జరూద్నయా

మా పీటర్స్‌బర్గ్ నాటకశాలలో ఒకే ఇంటిపేరున్న గాయనులు ఇద్దరుంటే పేర్ల పక్కన నంబర్లు వేస్తారు. మాకు జరూద్నయాలు ఇద్దరు. ఒకటో నంబరు కపితోలినా పావ్లొవ్నా. పైస్థాయి గొంతు, ఇరవై ఏళ్లుగా రాజకుమారి వేషాలు. రెండో నంబరు ఉస్తీన్యా. మంద్రస్థాయి గొంతు. ముప్పై కూడా నిండని పిల్లకు ఆరేళ్లుగా దాదులు, ముసలమ్మలే దక్కారు. ఈసారీ మంచి వేషం రాకపోతే పాట మానేసి ఎక్కడో దూరాన ఉన్న తాంబోవ్ ఊరికి వెళ్లిపోతానని పెట్టె సర్దుకుంది. వేదిక అంచున గూట్లో కూర్చుని పాటగాళ్లకు మాటలందించే నాకు ఆ గొంతంటే ప్రాణం. వేషాలు పంచే మా నాటకశాల పెద్దల చెవుల మీద మాత్రం నాకెప్పుడూ గౌరవం లేదు.

కొత్త ఆపెరాలో, అంటే ఆ పాటల నాటకంలో, పశువుల కాపరి కుర్రాడున్నాడు. అలాంటి కుర్రాళ్ల వేషాలు మా దగ్గర మంద్రస్థాయి ఆడవాళ్లకే ఇస్తారు. ఉస్తీన్యా ఆశంతా దానిమీదే. తీరా గోడమీద జాబితా చూస్తే, "కాపరి: జరూద్నయా" అని ఉంది. నంబరు లేదు!

నంబరు లేదంటే పెద్దామెదేనని అందరూ తేల్చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

రిహార్సల్‌కి కపితోలినా పావ్లొవ్నా బిగుతు ప్యాంటులో ఆయాసపడుతూ వచ్చింది. పాట చివర గొంతు బాగా కిందికి దిగాలి. అక్కడ పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు.

"మాటలు మరిచిపోయారా?" అన్నాడు స్వరకర్త అర్సేనీ ల్వోవిచ్.

"మాటలున్నాయి నాయనా, గొంతే లేదు! పాట రాశావా, బావి తవ్వావా?"

"పోయిన చలికాలం మీరు ఇంతకన్నా కిందికి పాడారు కదండీ! తలుపవతల నిలబడి విన్నాను. ఎవరని అడిగితే జరూద్నయా అన్నారు. ఆ గొంతు కోసమే రాశాను, జాబితాలో ఆ పేరే వేయించాను."

"ఏం పాట?"

"దాది పాడే జోలపాట."

"ఓరి పిచ్చి నాయనా! నేనెప్పుడైనా దాది వేషం వేశానా? నీ జరూద్నయా అదిగో, కోరస్ వెనక తల దాచుకుంది!"

ఉస్తీన్యా ఈసారీ తనకు దక్కిన ముసలమ్మ పావడాలోనే ముందుకొచ్చి పాడింది. చివరి చరణంలో గొంతు దిగుతుంటే నా మోచేతి కింది చెక్క సన్నగా వణికింది. అర్సేనీ ల్వోవిచ్ "ఇదే! ఇదే!" అంటూ ఎగిరి గంతేశాడు.

కపితోలినా పావ్లొవ్నా తన టోపీ తీసి ఉస్తీన్యా నెత్తిన పెట్టింది. "ప్యాంటు మాత్రం గదికొచ్చి తీసుకో తల్లీ. ఇక్కడ విప్పితే ఈ వయొలిన్లవాళ్లు తట్టుకోలేరు!"

అందరూ పగలబడి నవ్వారు. ఉస్తీన్యా కళ్లు తుడుచుకుంటూ, "ఇంకొక్కసారి పాడనా అండీ?" అని అడిగింది.

ఆయన ఏమన్నాడో నేను వినలేదు. అప్పటికే మొదటి మాట అందించేశాను.