పేగు గీత

రొయ్యలు మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రేని యెహోషువ నీళ్ళలోంచి పైకి లాగి మోకాలికి ఆనించుకున్నాడు. అందులోంచి ఒక రొయ్యను రెండు వేళ్ళతో పట్టి తూర్పు వెలుగుకు ఎత్తి చూశాడు. వీపు పొడవునా పేగు నల్లటి గీతలా, ఎక్కడా తెగకుండా ఉంది. మేత బాగా అరుగుతోందన్నమాట. దాన్ని మెల్లగా చెరువులోకి జారవిడిచి, ట్రే గట్టు మీద పడేసి, లుంగీ ఎగ్గట్టుకుంటూ చిల్లచెట్ల చాటుకు పరుగెత్తాడు. పొద్దు పొడిచాక ఇది ఆరోసారి.

మైపాడుకు ఇవతల ఈ రెండు చెరువుల గట్టు మీద పద్దెనిమిదేళ్ళుగా కాపలా కాసేదీ, మేత చల్లేదీ అతనే. యాభై రెండేళ్ళ మనిషి మూడు వారాల్లో బుగ్గలు పీక్కుపోయి, కళ్ళు గుంటల్లో పడి, డెబ్బై ఏళ్ళవాడిలా అయిపోయాడు. చెరువు నీళ్ళు చిలికే ఏరేటరు ఊచ కాలికి గీరుకుంటే ఊళ్ళో ఆర్‌ఎంపీ బిళ్ళలిచ్చాడు. పుండు మానింది, కడుపు జారి విరేచనాలు పట్టుకున్నాయి. పుండును మాన్పిన బిళ్ళ కడుపును మాన్పదా అని మళ్ళీ అవే కొనుక్కున్నాడు. అవి పనిచేయకపోతే అంతకంటే ఘాటువి. వద్దని చెప్పేవాళ్ళు లేరా అంటే, ఎవరు చెబుతారు? బిళ్ళ మింగడమంత తేలిక పని లోకంలో ఇంకోటి ఉందా!

విచిత్రం ఏమిటంటే, చెరువులో మాత్రం అలాంటి మందు పిసరంత పడనిచ్చేవాడు కాదు. "మంచి పురుగు చచ్చిపోతాదబ్బా" అని పోట్లాడేవాడు. ఆ మంచి పురుగును పెంచేది షెడ్డు వెనక నీలం డ్రమ్ములో. బెల్లం, తవుడు, బ్యాక్టీరియా పొడి నీళ్ళలో కలిపి, గాలి గొట్టం పెట్టి, పైన తన ఎర్ర తువ్వాలు బిగించి కట్టేవాడు. మర్నాటికి పులుస్తుంది. మేతలో కొంత కలిపి, మిగతాది చెరువులో పోస్తే రొయ్య పేగు గట్టిపడుతుంది. వాసనే దానికి పరీక్ష. తియ్యటి పులుపైతే మంచిది, మురుగు కంపైతే పారబోయాలి.

పోయిన పంటలో గుడ్ ఫ్రైడేకి రెండు రోజులు ఇంటికి పోయాడు. బదులుకొచ్చినవాడు మురిగిన డ్రమ్మును చెరువులో పోసేశాడు. వారం తిరిగేసరికి పేగులు తెల్లబడ్డ రొయ్యలు గట్టుకు కొట్టుకొచ్చాయి. చెరువుల యజమాని కామాక్షయ్య పల్లెత్తు మాట అనలేదు. అదే యెహోషువను దహించేసింది. తిట్టినా బాగుండేది. అప్పటి నుంచీ గట్టు దిగితే ఒట్టు.

తొమ్మిదింటికి ఇందుకూరుపేట ల్యాబు నుంచి షబానా స్కూటీ మీద వచ్చింది. వారానికోసారి రొయ్యల్ని పరీక్షకు తీసుకెళ్ళే అమ్మాయి. అతన్ని చూడగానే చేతిలో సీసా కింద పెట్టేసింది.

"ఏందన్నా, ఇట్ట అయిపోయినావు?"

"కడుపు తల్లీ. బిళ్ళలు ఏసుకుంటానే ఉండా." జేబులోంచి బిళ్ళల పట్టీ తీసి చూపించాడు.

"ఎన్ని దినాల్నించి?"

"మూడు వారాలు."

"యా అల్లా! అన్నా, చెరువుకు బ్లీచింగు కొట్టి, మంచి పురుగు ఎయ్యకుండా నీళ్ళు పెడితే ఏమవతాది?"

"చెడ్డది దిగతాది. ఖాళీ చెరువు గదా, అంతా దాని ఇష్టమే."

"నీ కడుపులో అయింది అదే. మంచివి పేగునిండా ఉంటే చెడ్డదానికి చోటీవు. ఒంటికి కాపలా నేర్పేదీ అవే. వాటిని నీ చేత్తోనే చంపుకున్నావు. ఈ మందుకు చావనిదేదో లోపల కూర్చోనుంటాది. నేను రొయ్యల టెస్టులు చేసేదాన్ని, మనుషుల సంగతి డాక్టరే తేల్చాల. ఇప్పుడే నెల్లూరు ఆస్పత్రికి పో."

యెహోషువకు సిగ్గేసింది. రొయ్యల విషయంలో ఊరందరికీ చెప్పే మాటే, తన కడుపు దగ్గరికొచ్చేసరికి తోచలేదు. పట్టీని విసిరేద్దామని చెయ్యెత్తాడు. ఎదురుగా చెరువు. చెయ్యి దించి మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

"డ్రమ్ము తెల్లారుజామున కలిపినా తల్లీ. రేపు పోసేసి ఏడింటి బస్సుకు పోతా."

"రేపటిదాకా ఉంటావా నువ్వు?" అని అరిచి, షబానా అక్కడి నుంచే కామాక్షయ్యకు ఫోన్ చేసింది. ఆయన నాయుడుపేటలో ఉన్నాడు. సాయంత్రం ఐదింటికల్లా కారుతో వస్తానన్నాడు. అప్పటిదాకా ఆగొద్దు, ఆటోలో పొమ్మంది షబానా. యెహోషువ తలూపాడు. ఊపినవాడు, ఆమె స్కూటీ వెళ్ళిపోయాక కదల్లేదు.

మధ్యాహ్నం పెళ్ళాం రెజీనా పెరుగన్నం తెచ్చింది. సంగతి విని నెత్తి కొట్టుకుంది.

"నీ రొయ్యల మొగం మండ! నాకేం కావాల, నువ్వా, అవా? లెయ్యి, పోదాం."

"కారు వస్తాండాది గదమే. ఇట్రా, నీకొకటి చూపిస్తా."

ఆమె భుజం పట్టుకుని షెడ్డు వెనక్కి నడిచాడు. అతని చెయ్యి చన్నీళ్ళలో నానినట్టు చల్లగా ఉంది. తువ్వాలు ముడి కాస్త వదులు చేసి, "వాసన చూడు" అన్నాడు.

"పుల్లంగా ఉండాది."

"ఇంకా పచ్చి పులుపు. రేపటికి తీపి కలస్తాది. అప్పుడు పొయ్యాల. కంపొస్తే మాత్రం పొయ్యబాకు, పారబోయ్. నేను ఆస్పత్రిలో ఉంటే నువ్వే చూడాల. ఇంకోడి చేతికిస్తే నాకు నిద్ర పట్టదు."

"అట్నే చేస్తాలే. నువ్వు బాగై రా ముందు." ఆమెకు ఏడుపొచ్చింది.

పెరుగన్నం రెండు ముద్దలు తిన్నాడు. మూడోది నోటిదాకా తీసుకెళ్ళి గిన్నెలో పెట్టేశాడు. ఆస్పత్రికి బట్టలూ, బైబిలూ తెస్తానని రెజీనా ఇంటికి పోయింది. యెహోషువ షెడ్డులో నులకమంచం చెరువు కనబడేటట్టు తిప్పుకుని పడుకున్నాడు.

నాలుగున్నరకు ఆమె సంచితో తిరిగొచ్చేసరికి అతను అలాగే ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని చప్పుడు చేయకుండా పక్కన కూర్చుంది. ఈగ ఒకటి పెదవి మీద వాలితే చేత్తో తోలింది. అప్పుడు తెలిసింది.

ఐదింటికి చెప్పినట్టే కారొచ్చింది. కామాక్షయ్య గుమ్మంలోనే కూలబడి, "రెండు గంటలు ముందు రావాల్సింది నేను" అని పదిమార్లు అన్నాడు. రెజీనా ఆ మాట వినలేదు. మొగుడి జేబులోంచి పట్టీ తీసి తన కొంగున ముడేసుకుంది, చెరువులో పడకుండా.

కారు గట్టు దాటి పోయింది. షెడ్డు వెనక నీలం డ్రమ్ము మీద, లోపలి నురుగుకు ఉబ్బి, ఎర్ర తువ్వాలు కొంచెం కొంచెంగా పైకి లేస్తోంది.